హై గెయిన్ ట్యూబ్ యాంప్: ఇంట్లో నిండుగా ఉన్న టోన్ బ్యాండులో ఎందుకు మునిగిపోతుంది?

ఎంవీపీ_రిఫ్ (ఎంవీపీ కాలనీ)

అందరికీ నమస్కారం. నా దగ్గర నాలుగు 6ఎల్6 పవర్ ట్యూబులున్న 120 వాట్ల హెడ్ (స్పీకర్లు లేని యాంప్ పెట్టె), నాలుగు 12 అంగుళాల స్పీకర్లున్న మూసిన క్యాబినెట్ ఉన్నాయి. గిటార్‌కు బ్రిడ్జి దగ్గర హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) ఉంది, ట్యూనింగ్ స్టాండర్డ్ ఇ. ఇంట్లో మాస్టర్‌ను (మొత్తం శబ్దం నాబ్) ఒకటికి కాస్త పైన ఉంచి, గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) 8, బేస్ 8, మిడ్ 2, ట్రెబుల్ 7, ప్రెజెన్స్ (బాగా పై స్వరాల నాబ్) 7 మీద పెట్టి వాయిస్తే ధ్వని ఎంతో బరువుగా, నిండుగా వినిపిస్తుంది. అవే సెట్టింగులతో అక్కయ్యపాలెంలోని ప్రాక్టీసు గదిలో డ్రమ్స్, బేస్ గిటార్‌తో కలిసి వాయించేసరికి నా గిటార్ ఉందో లేదో కూడా తెలియడం లేదు. మాస్టర్ పెంచితే గదంతా మోత పెరుగుతుంది గానీ స్వరం తేలదు. లో ఇ తీగ మీద పామ్ మ్యూట్ చేసినప్పుడు (అరచేతి అంచును తీగకు ఆనించి మీటినప్పుడు) తెగి పడవలసిన దెబ్బ సాగిపోతోంది. వాయించడం ఆపగానే హమ్ (గుయ్‌మనే కరెంటు మోత) కూడా గట్టిగానే వినిపిస్తుంది.

ట్యూబులు మార్చమని ఒకరు, కొత్త పెడల్ కొనమని ఇంకొకరు చెబుతున్నారు. డబ్బు ఖర్చు పెట్టే ముందు ఇక్కడి పెద్దల సలహా తీసుకోవాలనుకుంటున్నాను. డిసెంబరులో బీచ్ రోడ్డు వైపు ఆరుబయట వేదిక మీద వాయించవలసి ఉంది.

పాత_వాల్వు (లాసన్స్ బే కాలనీ)

రిఫ్ గారూ, మీరు రాసిన అంకెలు చూడగానే సంగతి అర్థమైంది. మీ యాంప్‌లో లోపమేమీ ఉన్నట్టు లేదు. ఇంటి శబ్దానికి కుదుర్చుకున్న టోన్‌ను బ్యాండు శబ్దంలోకి యథాతథంగా తీసుకువెళ్లడమే ఇక్కడి సమస్య.

మన చెవి తక్కువ శబ్దంలో అడుగు స్వరాలను, బాగా పై స్వరాలను సరిగా పట్టుకోలేదు. ఈ విషయాన్ని 1933లో బెల్ ల్యాబొరేటరీస్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ కొలతలతో సహా ప్రకటించారు. ఇంట్లో నెమ్మదిగా వాయించేటప్పుడు చెవికి అందని ఆ రెండు కొసలనూ మనం నాబ్‌లతో పెంచి, మధ్యలోదాన్ని తీసేసి, అదే నిండుదనం అనుకుంటాం. శబ్దం పెరిగేకొద్దీ చెవి ఆ కొసలను తనంతట తానే బాగా వినడం మొదలుపెడుతుంది కాబట్టి, ఇంట్లో సరిపోయిన బేస్ ప్రాక్టీసు గదిలో మోతగా, ట్రెబుల్ కీచుగా మారుతుంది. గిటార్ గొంతు ఉండేది సుమారుగా 400 హెర్ట్జ్ నుంచి 2,500 హెర్ట్జ్ వరకు ఉన్న మధ్య ప్రాంతంలో. మీరు మిడ్‌ను 2 మీద పెట్టడం వల్ల ఆ గొంతులో ఎక్కువ భాగాన్ని మీ చేతులతోనే మీరు నొక్కేశారు.

గెయిన్ 8 గురించి కూడా చెప్పాలి. ఇటువంటి యాంపులలో 12ఏఎక్స్7 ట్యూబు దశలు వరుసగా ఉంటాయి. ఒక్కొక్క ట్రయోడ్ యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 100 ఉంటుంది. సర్క్యూట్‌లో అంతా దక్కకపోయినా, దశలన్నీ కలిసేసరికి సిగ్నల్ ఎన్నో రెట్లు పెరిగి, దాని అలల కొసలు పైనా కిందా కోతకు గురవుతాయి. ఈ కోతే డిస్టార్షన్. ఆ కోత మితిమీరితే మెల్లగా మీటినా, గట్టిగా మీటినా ఒకే స్థాయిలో వస్తుంది, పిక్ తగిలిన క్షణం చదునైపోతుంది. డ్రమ్స్ మధ్య గిటార్‌ను చెవి గుర్తుపట్టేది ప్రధానంగా ఆ క్షణంతోనే. గెయిన్ తగ్గిస్తే టోన్ బలహీనపడుతుందని చాలామంది భయపడతారు, కాని మాస్టర్ పైకి వెళ్లాక సగం గెయిన్‌తోనే దెబ్బ మరింత బలంగా తగులుతుంది. రెండు గిటార్లు ఒకే రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వర వరుస) వాయించే బ్యాండులో అయితే గెయిన్ ఇంకా తగ్గించుకోవాలి, ఎందుకంటే రెండు డిస్టార్షన్లు కలిసినప్పుడు స్పష్టత అంతకంతకూ పోతుంది.

కాబట్టి ఈసారి ప్రాక్టీసుకు వెళ్లినప్పుడు ముందుగా బేస్, మిడ్, ట్రెబుల్ మూడూ 5 మీద, ప్రెజెన్స్, రెజొనెన్స్ (అడుగు స్వరాల బరువు నాబ్) 4 మీద ఉంచి, గెయిన్‌ను 3 నుంచి మొదలుపెట్టండి. మొదట మాస్టర్‌ను డ్రమ్స్‌కు సమానమయ్యేదాకా పెంచి, ఆ తరువాతే మిగతా నాబ్‌లను ముట్టుకోండి. పామ్ మ్యూట్ చేస్తూ గెయిన్‌ను కొద్దికొద్దిగా పెంచి, స్వరం తగినంత సేపు నిలుస్తుందనిపించిన చోట ఆగిపోండి.

గాజువాక_బేస్ (గాజువాక)

నేను బేస్ గిటార్ వాయిస్తాను. గిటార్ వాయించేవారికి చాలా కాలంగా చెప్పాలనుకుంటున్న మాట ఇక్కడ రాస్తున్నాను. నా లో ఇ తీగ మూల స్వరం 41 హెర్ట్జ్, మీ లో ఇ తీగది 82 హెర్ట్జ్. మీరు బేస్ 8 మీద పెట్టినప్పుడు 80 నుంచి 150 హెర్ట్జ్ దాకా మీరూ, నేనూ, కిక్ డ్రమ్మూ ఒకే చోట పోటీ పడుతున్నాం. ఆ పోటీలో ఎవరి స్వరమూ విడిగా తెలియదు. మీరు అక్కడి నుంచి కొంచెం పక్కకు తప్పుకుంటే ఆ బరువును నేను మోస్తాను, వినేవారికి మాత్రం అది మీ గిటార్ బరువుగానే తోస్తుంది. విడిగా వింటే మీ టోన్ పలచగా అనిపించవచ్చు, దానికి భయపడకండి. మీ బేస్ గిటార్ మిత్రుణ్ణి పక్కన ఉంచుకొని, ఆయన వాయిస్తుండగానే మీ బేస్ నాబ్ తిప్పండి.

సిరిపురం_సోలో (సిరిపురం)

పాత వాల్వు గారి మాటల్లో చాలావరకు ఒప్పుకుంటాను కాని, మిడ్ తీసేయడమే తప్పన్నట్టుగా చెప్పడం నాకు సమ్మతం కాదు. మెటల్ సంగీతంలో మిడ్ తగ్గించిన రిథమ్ టోన్‌కు తనదైన స్థానం ఉంది. ఆ గరుకుదనం, ఆ చల్లదనం కావాలనే ఆ శైలిని ఎంచుకునేవారున్నారు. పైగా మిడ్ 7 దాటితే నా యాంప్‌లో ముక్కుతో పాడినట్టుగా వస్తుంది. రిఫ్ గారు ఏ రకం పాటలు వాయిస్తారో అడగకుండా అందరికీ ఒకే మందు రాయకూడదని నా అభిప్రాయం.

పాత_వాల్వు (లాసన్స్ బే కాలనీ)

సోలో గారి అభ్యంతరం న్యాయమైనదే. అయితే రికార్డులో మనం వినే ఆ టోన్ ఒక్క గిటార్‌ది కాదు. ఒకే రిఫ్‌ను రెండుసార్లో, నాలుగుసార్లో విడివిడిగా వాయించి, ఎడమకూ కుడికీ పరచి, మధ్యలో బేస్ గిటార్‌కు చోటిచ్చి, ఆపైన మిక్సింగులో కుదురుస్తారు. వేదిక మీద ఒక్క గిటారే ఉన్నప్పుడు ఆ ఆసరా ఏదీ ఉండదు. తగ్గించిన మిడ్ కావాలనుకునేవారు కూడా 2 మీద కాకుండా 4 మీద మొదలుపెట్టి, బ్యాండు మొత్తం వాయిస్తుండగా ఎంతవరకు దించగలరో చూసుకోవడం మంచిది.

మరో సంగతి, నాబ్ మీది అంకె అన్ని యాంపులలో ఒకే అర్థం ఇవ్వదు. మార్షల్, ఫెండర్ కంపెనీల పద్ధతి టోన్ సర్క్యూట్‌లో ట్యూబు ఏదీ ఉండదు, ఉన్న సిగ్నల్‌లో నుంచి తగ్గించడం తప్ప అది ఏమీ పెంచలేదు. ఆ మూడు నాబ్‌లూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి కూడా. ట్రెబుల్ ఎక్కువగా ఉన్నప్పుడు మిడ్ నాబ్ తిప్పినా పెద్దగా తేడా తెలియకపోవడం అందువల్లనే. మిడ్ పెంచినా తృప్తి కలగకపోతే ట్రెబుల్ కొంచెం తగ్గించి చూడండి.

ఆ సర్క్యూట్ ఎక్కడ ఉన్నదనేది ఇంకా ముఖ్యం. మార్షల్ జేసీఎం800 2203, సోల్డానో ఎస్ఎల్ఓ-100, 1992లో వచ్చిన పీవీ 5150 వంటి వాటిలో డిస్టార్షన్ అంతా తయారైన తరువాతే టోన్ నాబ్‌లు వస్తాయి. వాటిలో బేస్ నాబ్ తగ్గిస్తే మోత తగ్గుతుంది గానీ, లోపల అప్పటికే అడుగు స్వరాలతో నలిగిపోయిన డిస్టార్షన్ శుభ్రపడదు. మెసా బూగీ మార్క్ శ్రేణిలో ఇది తలకిందులుగా ఉంటుంది. టోన్ నాబ్‌లు డిస్టార్షన్‌కు ముందే ఉంటాయి కనుక, అక్కడ బేస్‌ను దాదాపు అట్టడుగున ఉంచి, కావలసిన బరువును చివరనున్న ఐదు పట్టీల గ్రాఫిక్ ఈక్వలైజర్‌తో తెచ్చుకుంటారు. ఇది తెలియక ఒక యాంప్ సెట్టింగులను మరొక యాంప్ మీద పెట్టి నిరాశపడేవారిని నేను చాలామందిని చూశాను.

రిఫ్ గారి యాంప్ మొదటి రకానిది అనుకుంటే, పామ్ మ్యూట్ సాగిపోవడానికి మందు యాంప్‌కు ముందే వేయాలి. ట్యూబ్ స్క్రీమర్ తరహా ఓవర్‌డ్రైవ్ పెడల్ ఒకటి ఎవరి దగ్గరనైనా అడిగి తెచ్చుకొని, డ్రైవ్ సున్నా మీద, లెవెల్ బాగా పైన ఉంచి వాడి చూడండి. ఆ సర్క్యూట్ సుమారు 720 హెర్ట్జ్‌కు దిగువన తన గెయిన్ తగ్గించుకుంటూ పోతుంది కనుక, యాంప్‌లోకి వెళ్లే సిగ్నల్‌లో అడుగు భాగం పలచబడి మధ్య భాగం ముందుకు వస్తుంది. పెడల్ డిస్టార్షన్ మనకు అక్కరలేదు, దాని వడపోత చాలు. పెడల్ పెట్టాక యాంప్ గెయిన్‌ను మరికాస్త తగ్గించడం మరిచిపోవద్దు.

ఉక్కునగరం_సోల్డర్ (ఉక్కునగరం)

హమ్ గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. ముందుగా గిటార్ కేబుల్ తీసేసి వినండి. హమ్ పోతే అది గిటార్ నుంచో, కేబుల్ నుంచో, పెడల్ అడాప్టర్ నుంచో వస్తున్నదని అర్థం. పోకపోతే అది యాంప్ లోపలిది. తరువాత దాని శ్రుతి గమనించండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక, ఎర్త్ లూప్ (పరికరాలు ఒకటికి మించిన దారుల్లో ఎర్త్‌కు కలవడం) వల్లగానీ ట్యూబులను వేడిచేసే హీటర్ తీగల వల్లగానీ వచ్చే హమ్ 50 హెర్ట్జ్ దగ్గర, బేస్ గిటార్ లో ఇ తీగ మీది జి స్వరానికి కొంచెం పైన ఉంటుంది. ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయినప్పుడు వచ్చేది 100 హెర్ట్జ్, అంటే సరిగ్గా ఒక స్థాయి (ఆక్టేవ్) పైన. ఈ తేడా చెవికి అలవాటైతే సగం రోగ నిర్ధారణ అక్కడే అయిపోతుంది.

ఎర్త్ లూప్ అనుకొని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసేవారిని ప్రాక్టీసు గదుల్లో చూస్తుంటాను. దయచేసి ఎన్నడూ అలా చేయవద్దు. లోపల ఏదైనా లీకేజీ వచ్చిన రోజున గిటార్ తీగలూ, మైకూ పట్టుకున్న మనిషే ఎర్త్ అవుతాడు. యాంపుకూ పెడళ్లకూ కరెంటు ఒకే బోర్డు నుంచి తీసుకుంటే ఎర్త్ లూప్ చాలావరకు పోతుంది. ఆ బోర్డుకు నిజంగా ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి పరీక్ష చేయించండి. అలాగే యాంప్ మూత మీరు తెరవవద్దు. ప్లేటు వోల్టేజి 400 దాటి ఉంటుంది, స్విచ్ ఆపి ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత ఛార్జి నిలిచి ఉండవచ్చు.

ట్యూబులు మార్చాలా అన్న ప్రశ్నకు నా సమాధానం, ఇప్పుడు వద్దు. టోన్‌లో ట్యూబుల పాత్ర లేదని అనను, కాని స్పీకర్, మిడ్ నాబ్, క్యాబినెట్ ఉన్న చోటు చేసే మార్పుతో పోలిస్తే అది చిన్నది. ఒక ట్యూబు గంటలా మోగుతున్నా, చిటపటలు వస్తున్నా సంగతి వేరు. యాంప్ ఆన్‌లో ఉండగా ప్రీయాంప్ (గెయిన్ దశల) ట్యూబులను పెన్సిల్ కొసతో మెల్లగా తడితే మైక్రోఫోనిక్ అయినది (తాకిడికి తానే మోగేది) వెంటనే స్పీకర్‌లో పలుకుతుంది. మొదటి స్థానంలో ఉన్న ట్యూబుతోనే ఈ బాధ ఎక్కువ, ఎందుకంటే దాని తరువాతి దశలన్నీ ఆ శబ్దాన్ని పెంచుతాయి. పవర్ ట్యూబులు మార్చినప్పుడు మాత్రం బయాస్ (వాయించనప్పుడు ట్యూబులో పారే కరెంటు సర్దుబాటు) తప్పక చూపించుకోవాలి. 6ఎల్6జీసీ ట్యూబు 30 వాట్ల వేడిని తట్టుకుంటుంది. అందులో 70 శాతం, అంటే 21 వాట్లు, సాధారణంగా పాటించే పైహద్దు. ప్లేటు వోల్టేజి 470 ఉంటే అది ట్యూబుకు సుమారు 45 మిల్లీఆంపియర్లు.

మన విశాఖకు సంబంధించిన మాట ఒకటి. సముద్రపు గాలికి ట్యూబు సాకెట్లు, జాకులు, ఎఫెక్ట్స్ లూప్ (ప్రీయాంప్ తరువాత, పవర్ యాంప్‌కు ముందు పెడళ్లు కలిపే చోటు) స్విచ్చులు చిలుము పడతాయి. టోన్ ఉన్నట్టుండి పలచబడినా, శబ్దం వస్తూ పోతూ ఉన్నా ట్యూబును అనుమానించే ముందు కాంటాక్ట్ క్లీనర్‌తో వాటిని శుభ్రం చేయించండి. లూప్‌లో ఏమీ వాడకపోయినా, దాని సెండ్ జాకు నుంచి రిటర్న్‌కు చిన్న కేబుల్ ఒకటి వేసి చూస్తే లోపం ఆ జాకులోనే ఉందో లేదో తెలిసిపోతుంది.

మధురవాడ_హంబకర్ (మధురవాడ)

సోల్డర్ అన్నయ్య గారు చెప్పిన సముద్రపు గాలి తీగలకు కూడా వర్తిస్తుంది. మా ఇంటి దగ్గర తీగలు త్వరగా తుప్పు పడతాయి. తుప్పు పట్టిన తీగలో పై స్వరాలు చచ్చిపోతాయి. దాన్ని సరిచేయాలని ప్రెజెన్స్ పెంచితే కీచు శబ్దం పెరుగుతుంది తప్ప తీగలోని జీవం తిరిగి రాదు. వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడిచి, గిటార్‌ను పెట్టెలో పెట్టడం అలవాటు చేసుకోవాలి.

పికప్ ఎత్తు కూడా చూడండి రిఫ్ గారూ. చివరి ఫ్రెట్ దగ్గర తీగలను నొక్కి పట్టినప్పుడు బ్రిడ్జి హంబకర్‌కూ తీగకూ మధ్య సుమారు 2 మిల్లీమీటర్ల ఎడం ఉంచి, అక్కడి నుంచి చెవితో కుదుర్చుకోండి. లో ఇ తీగ వైపు స్క్రూను కొంచెం దించితే అడుగు స్వరాల తాకిడి తగ్గి, పామ్ మ్యూట్ బిగుస్తుంది. దీనికి ఖర్చేమీ లేదు, స్క్రూడ్రైవర్ చాలు.

ఎంవీపీ_రిఫ్ (ఎంవీపీ కాలనీ)

అందరికీ ధన్యవాదాలు. వెళ్లేముందు రెండు సందేహాలు. మా ప్రాక్టీసు గది చిన్నది, గోడలన్నీ కాంక్రీటువి, క్యాబినెట్‌ను మూలకు ఆనించి పెడతాం. నేను దానికి ఒక అడుగు దూరంలో నిలబడతాను, ధ్వని నా మోకాళ్లకు తగులుతుంది. దీనివల్ల తేడా వస్తుందా? 120 వాట్లు అంత చిన్న గదికి ఎక్కువా?

పాత_వాల్వు (లాసన్స్ బే కాలనీ)

చాలా తేడా వస్తుంది. గది మూల అడుగు స్వరాలను బాగా పెంచుతుంది. మీ క్యాబినెట్‌లో సెలెస్టియన్ వింటేజ్ 30 వంటి స్పీకర్లు ఉన్నాయనుకుందాం. ఆ స్పీకర్ రెజొనెన్స్ (అది తనంతట తానే ఎక్కువగా కంపించే చోటు) 75 హెర్ట్జ్, మూసిన పెట్టెలో బిగించాక ఇంకొంచెం పైకి జరుగుతుంది. అంటే మీ లో ఇ మూల స్వరం ఉన్న చోటికే వస్తుంది. దానికి గది మూల తోడై, రెజొనెన్స్ నాబ్ కూడా పైన ఉంటే పామ్ మ్యూట్ సాగక ఏమవుతుంది? క్యాబినెట్‌ను మూల నుంచి, గోడ నుంచి కనీసం రెండు అడుగులు ముందుకు జరపండి.

12 అంగుళాల స్పీకర్ పై స్వరాలను టార్చిలైటు వెలుగులా నేరుగా ముందుకే పంపుతుంది, అడుగు స్వరాలు మాత్రం అన్ని వైపులకూ వ్యాపిస్తాయి. మోకాళ్ల ఎత్తులో ఉన్న స్పీకర్ పక్కన నిలబడి సరిచేసుకున్న ట్రెబుల్ ఎదురుగా ఉన్న శ్రోతల చెవుల్లో గుచ్చుకుంటుంది. క్యాబినెట్‌ను కుర్చీ మీదనో, బల్ల మీదనో ఎత్తండి, లేదా వెనక్కి కొంచెం వంచండి. తరువాత పొడవైన కేబుల్‌తో ఏడెనిమిది అడుగుల దూరం వెళ్లి, స్పీకర్‌కు ఎదురుగా, చెవి ఎత్తులో విని ట్రెబుల్, ప్రెజెన్స్ నిర్ణయించండి.

వాట్ల గురించి ఎక్కువ ఆలోచించవద్దు. 100 వాట్లకూ 50 వాట్లకూ మధ్య తేడా 3 డెసిబెల్‌లు మాత్రమే. మీ యాంప్ డిస్టార్షన్ ముఖ్యంగా ప్రీయాంప్‌లోనే పుడుతుంది కనుక మాస్టర్ 3 మీద కూడా దాని స్వభావం తెలుస్తుంది. ఇంట్లో అటెన్యుయేటర్ (యాంప్‌కూ స్పీకర్‌కూ మధ్య పెట్టి శబ్దం తగ్గించేది) వాడాలనుకుంటే యాంప్‌కు ఇంపీడెన్స్ (ఓమ్‌ల అంకె) సరిపోయేది చూసుకోండి. స్పీకర్ గానీ లోడ్ గానీ తగిలించకుండా ట్యూబ్ యాంప్ వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. హెడ్‌కూ క్యాబినెట్‌కూ మధ్య గిటార్ కేబుల్ కాకుండా స్పీకర్ కేబులే వాడండి.

ఎంవీపీ_రిఫ్ (ఎంవీపీ కాలనీ)

ఈ ఆదివారం ప్రాక్టీసులో అందరి సలహాలూ పాటించి చూశాను. క్యాబినెట్‌ను మూల నుంచి జరిపి బల్ల మీద పెట్టాం. గెయిన్ 4, బేస్ 4, మిడ్ 6, ట్రెబుల్ 5, ప్రెజెన్స్ 4, రెజొనెన్స్ 3 దగ్గర కుదిరింది. మిత్రుడి దగ్గర తెచ్చిన ఓవర్‌డ్రైవ్ పెడల్‌ను డ్రైవ్ సున్నాలో పెట్టగానే పామ్ మ్యూట్ బిగిసింది, స్నేర్ దెబ్బకూ నా దెబ్బకూ మధ్య ఖాళీ మొదటిసారి వినిపించింది. నేను ఒక్కణ్ణే వాయించినప్పుడు ధ్వని కొంత పలచగానే ఉంది, బేస్ గిటార్ కలవగానే నిండిపోయింది. హమ్ పెడల్ అడాప్టర్ నుంచి వస్తోందని కేబుల్ తీసి చూస్తే తేలింది, అడాప్టర్ మారుస్తున్నాను.

ఒక్కటి మిగిలింది. సోలో వచ్చినప్పుడు పెడల్ లెవెల్ ఇంకా పెంచినా శబ్దం పెరగడం లేదు, డిస్టార్షన్ మాత్రమే చిక్కబడుతోంది.

సిరిపురం_సోలో (సిరిపురం)

దీనికి నేను సమాధానం ఇస్తాను. గెయిన్ దశలు ఇప్పటికే నిండి ఉన్నాయి కాబట్టి ముందు నుంచి ఎంత తోసినా అవి పైకి పెరగలేవు, మరింత కోత పడుతుంది. బూస్ట్ పెడల్‌ను ఎఫెక్ట్స్ లూప్‌లో పెట్టండి. అక్కడ డిస్టార్షన్ అంతా అయిపోయి ఉంటుంది, పవర్ యాంప్‌కు ఇంకా చోటు ఉంటుంది కనుక 4 నుంచి 6 డెసిబెల్‌లు పెంచితే సోలో అంత మేరకూ శబ్దంలోనే పైకి లేస్తుంది. ఈక్వలైజర్ పెడల్ ఉంటే ఇంకా మంచిది, లెవెల్‌తో పాటు 800 హెర్ట్జ్ దగ్గర కొద్దిగా పెంచండి. డిలే, రివర్బ్ ఉంటే అవి కూడా లూప్‌లోనే, బూస్ట్ తరువాత ఉండాలి.

గాజువాక_బేస్ (గాజువాక)

బీచ్ రోడ్డు వేదిక సంగతి కూడా చెప్పేస్తాను. ఆరుబయట వెనుక గోడలు ఉండవు కనుక గదిలో దొరికిన అడుగు బరువు అక్కడ ఉండదు, సముద్రం వైపు గాలి వీస్తే పై స్వరాలు కూడా అటూ ఇటూ అవుతాయి. మీ చెవికి పలచగా తోచినా సౌండ్ చెక్‌లో కంగారుపడి గెయిన్ పెంచకండి. రెజొనెన్స్‌ను 4 లేదా 5కు తెచ్చి, క్యాబినెట్ ముందు పెట్టిన మైక్ నుంచి బయటి స్పీకర్లలో ఎలా వస్తున్నదో ఎదురుగా నిలబడిన వారిని అడిగి తెలుసుకోండి. మైక్‌ను స్పీకర్ నడిబొడ్డు నుంచి ఒక అంగుళం పక్కకు జరిపితే కీచు శబ్దం తగ్గుతుంది, ఆ పని యాంప్ నాబ్‌లు ముట్టుకోక ముందే చేయించండి.